పుదుపేటలో మా ఫియట్ డ్యాష్‌బోర్డు రంగు దొరికింది

చెన్నై ఎగ్మోరు నుంచి కూవం నది వైపు నడుస్తూ, ఆదిత్తనార్ సాలై మీంచి పుదుపేట లోపలికి తిరిగితే, పాత బంపర్లు, సైలెన్సర్లు గుట్టలుగా పోసిన సందులు మొదలవుతాయి. అందులో ఒక సందులో రంగులు కలిపే చిన్న కొట్టు ఉంది. బోర్డు లేదు. గోడకు దారాలతో వేలాడదీసిన రేకు ముక్కలే దానికి గుర్తు. ఒక్కో ముక్క మీద ఒక్కో రంగు, వెనక సుద్దముక్కతో రాసిన అంకెలు. కొట్టు పెద్దాయనకి డెబ్బై దాటాయి. ఊరు సూళ్లూరుపేట. మద్రాసు వచ్చి యాభై ఏళ్ళు అయినా నెల్లూరు యాస పోలేదు. ఆయన గురించి రాస్తానంటే సరేనన్నారు గానీ, పేరు మాత్రం వద్దన్నారు. "పేరు రాస్తే ఫోన్లు వస్తాయమ్మా. ఫోన్లో రంగు ఎట్ట చెప్పేది? బండి ముక్క పట్టుకొని రమ్మను" అన్నారు. అందుకే పేరు రాయడం లేదు. ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను. ఆ అర ఎందుకు తగ్గిందో కూడా చెబుతాను.

మాది 1967 నాటి ఫియట్ 1100. నాన్న హార్బరులో ఉద్యోగం చేస్తూ 1973లో ఒక డాక్టరు గారి దగ్గర కొన్నారు. అప్పట్లో కొత్త బండి కావాలంటే ఏళ్ళ తరబడి వరసలో ఉండాలి, పాత బండి దొరకడమే భాగ్యం. బొంబాయిలో కుర్లా ఫ్యాక్టరీలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు తయారుచేసిన ఈ బండే తరవాత ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, ఆ తరవాత పద్మిని అయింది. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు కర్ర. ఇంజను పని రెండేళ్ళ కిందటే పూర్తయింది. పైరంగు కూడా అయింది. మిగిలింది లోపల.

లోపలి రంగు గురించి ఎవరూ ఎక్కువగా మాట్లాడరు. పాత బండి బాగుచేయించేవాళ్ళు డబ్బంతా పైరంగుకీ, క్రోమియం పట్టీలకీ పెడతారు. కానీ ఈ బండ్లలో లోపల ఇనుము కనిపిస్తుంది. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్కు కాదు, రంగు వేసిన రేకు. తలుపు పైభాగం, అద్దాల చుట్టూ ఉన్న చట్రం, అన్నీ రంగు వేసిన రేకే. బండి నడిపే మనిషి చూసేది బానెట్టుని కాదు, ఈ రేకుని. నాన్న పక్కన కూర్చుని నాయుడుపేట మీదుగా కాళహస్తికి వెళ్ళిన ప్రతిసారీ నా కళ్ళెదురుగా ఉన్నది ఆ డ్యాష్‌బోర్డే. ఆ రంగు తప్పైతే బండి నాది కాదనిపిస్తుంది. ఇది చాదస్తం అనుకునేవాళ్ళు ఈ రాత ఇక్కడితో ఆపేయవచ్చు.

అయితే ఆ రంగు ఏదన్న దాని మీద ఇంట్లోనే ఏకాభిప్రాయం లేదు. అమ్మ బూడిద రంగు అంటుంది. అన్నయ్య ఆకుపచ్చగా ఉండేదని ఒట్టు వేస్తాడు. నాకు గుర్తున్నది నీలం. ఫోటోలన్నీ నలుపూ తెలుపూ. బండి చూస్తే నల్లగా ఉంది. 1980ల్లో ఎవరో బ్రష్షుతో నల్ల ఎనామిల్ పూశారు. దాని కింద మీగడ రంగు పూత ఒకటి. అది కూడా ఫ్యాక్టరీది కాదు, స్క్రూ తలల మీద కూడా పూసి ఉంది. ఫ్యాక్టరీలో రేకుకి రంగు పడ్డాకే స్క్రూలు బిగిస్తారు. స్క్రూ మీద రంగు ఉందంటే అది తరవాతి చెయ్యి. పాత బండి కొనేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకున్నా చాలా మోసాలు పట్టుకోవచ్చు.

కాబట్టి బ్రష్షు చేరని చోటు వెతకాలి. స్పీడోమీటరు విప్పి దాని వెనక చూశాను. తలుపు రబ్బరు బీడింగు లాగి దాని కింద చూశాను. తలుపు లోపలి అట్ట విప్పి అంచుల్లో చూశాను. అద్దం బిగించిన బుడిపె కింద చూశాను. నాలుగు చోట్లా ఒకటే రంగు కనబడింది: లేత బూడిదలో పచ్చ కలిసినట్టు, ఉసిరికాయ మీది రంగులా. అన్నయ్య గెలిచాడనుకున్నాను. డ్యాష్ కింద బోల్టుతో బిగించిన అరచేయంత రేకు పట్టీ ఒకటి ఉంటే దాన్ని విప్పుకొని బయలుదేరాను. దీన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి రంగు కలపమనేవాళ్ళని చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి. ఫోను తన ఇష్టం వచ్చినట్టు తెలుపుని దిద్దుకుంటుంది, దాంతో మిగతా రంగులు కూడా మారిపోతాయి. రేకుని రేకుగానే తీసుకెళ్ళాలి.

మొదట వెళ్ళింది పుదుపేటకి కాదు. నగరంలోనే ఏసీ ఉన్న ఒక పెద్ద రంగుల దుకాణానికి వెళ్ళాను. అక్కడ రంగు చదివే మిషను ఉంది. చేతిలో పట్టేంత పరికరం. రేకు మీద ఆనించి మీట నొక్కితే తన సొంత వెలుగు వేసి, కంటికి కనిపించే వెలుగులో, అంటే 400 నుంచి 700 నానోమీటర్ల దాకా, ఒక్కో తరంగానికి ఎంత వెలుగు తిరిగొచ్చిందో కొలుస్తుంది. ఆ లెక్కని తన దగ్గరున్న వేల సూత్రాలతో (ఏ రంగు ఎంత కలపాలో చెప్పే లెక్కలు) పోల్చి దగ్గరగా ఉన్నదాన్ని ఇస్తుంది. ఆ కుర్రాడు మర్యాదగా, ఓపిగ్గా చేశాడు. మిషను మూతి చదునుగా ఆనాలి, లేకపోతే పక్కల నుంచి వెలుగు చొరబడి కొలత తప్పుతుందని చెప్పి, పట్టీలో వంపు లేని చోటు వెతికి మూడుసార్లు చదివించాడు. పావు లీటరు కలిపి ఇచ్చాడు. 1,650 రూపాయలు.

కొట్టులో ట్యూబులైటు కింద పట్టీ పక్కన పెడితే అచ్చం అదే. వీధిలోకి వచ్చి ఎండలో చూస్తే పట్టీ ఒక రంగు, డబ్బా మూత మీది చుక్క ఇంకో రంగు. రెండు పూతల్లో వాడిన రంగుపొడులు వేరైనప్పుడు ఇలా అవుతుంది. ఒక వెలుగులో కలిసి కనిపించినవి ఇంకో వెలుగులో విడిపోతాయి. చీర మీదికి జాకెట్టు గుడ్డ కొట్టు లైటు కింద చూసి తెచ్చుకుని, ఇంటికొచ్చి బాధపడిన ఆడవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. నేను కూడా ఆ అలవాటుతోనే వీధిలోకి వచ్చి చూశాను.

అప్పుడు టింకరింగు చేసే, అంటే బండి రేకు సొట్టలు తీసే మేస్త్రీ ఈ పుదుపేట పెద్దాయన దగ్గరికి పంపాడు.

పెద్దాయన పట్టీని అటూ ఇటూ తిప్పి, ముందు వాసన చూశారు. తరవాత దూది ముక్క థిన్నరులో ముంచి పట్టీ వెనక ఒక మూల రుద్దారు. దూదికి రంగు అంటలేదు, కానీ పూత కొంచెం మెత్తబడింది. ఆ పరీక్ష ఎందుకో అడిగితే చెప్పారు. పాత లాకర్ రకం రంగు అయితే థిన్నరుకి కరిగి దూదికి అంటుకుంటుంది. ఎనామిల్ అయితే మెత్తబడడమో, ముడతలు పడడమో జరుగుతుంది. ఇప్పటి హార్డ్‌నరు (రంగుని గట్టిపరిచే మందు) కలిపే రంగు అయితే సరిగ్గా ఆరిన తరవాత చలించదు. "ఇది ఎనామిల్. ఇది ఎన్నేళ్ళుగా చీకట్లో ఉంది?" అని అడిగారు. యాభై ఏళ్ళ పైన అన్నాను.

"అయితే ఇది నీ బండి రంగు కాదు. చీకటి రంగు" అన్నారు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆయన చెప్పింది ఈ మొత్తం వ్యవహారంలో నాకు దొరికిన విలువైన మాట. నూనె ఆధారంగా తయారైన ఎనామిల్ చీకట్లో ఉంటే పసుపెక్కుతుంది. "బీరువా వెనక తలుపుకి తెల్ల పెయింటు వేస్తే పదేళ్ళకి ఎట్టుంటాది? ఎండ తగిలే వైపు తెల్లగానే ఉంటాది, బీరువా నీడలో ఉన్న వైపు పసుపు తిరగదా?" అన్నారు. తిరుగుతుంది. మా ఇంట్లోనే క్యాలెండరు తీసినచోట తలుపు మీద నలుచదరంగా పసుపు మరక ఉండేది. అది మురికి అనుకుని సబ్బుతో తోమేవాళ్ళం. ఇక్కడ కూడా అదే. అసలు రంగు నీలం కలిసిన బూడిద అయితే, దాని మీద పసుపు పొర చేరితే కంటికి పచ్చగా కనిపిస్తుంది. మనం ఎండ తగలని చోటే అసలు రంగు భద్రంగా ఉంటుందని నమ్మి వెతుకుతాం. ఎండకి రంగు వెలిసిపోతుందన్నది నిజమే. కానీ చీకటి కూడా రంగుని మారుస్తుందని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మిషను తప్పు చెప్పలేదు. ఇవాళ ఆ పట్టీ ఎలా ఉందో అది కచ్చితంగా చెప్పింది. 1967లో ఎలా ఉండేదో దానికి తెలిసే దారి లేదు.

ఈ పసుపు చాలావరకు వెనక్కి వెళ్తుందట, ఎండ చూపిస్తే. పట్టీని సబ్బునీళ్ళతో కడిగి, సగానికి నల్ల టేపు అంటించి, డాబా మీద పెట్టమన్నారు. పది రోజులు, అంతకు మించి వద్దు, ఎక్కువైతే రంగుపొడి కూడా వెలుస్తుంది అన్నారు. ఫిబ్రవరి ఎండ దీనికి చక్కగా సరిపోతుందట. నాలుగో రోజు టేపు అంచు ఎత్తి చూస్తే ఒక సన్నని గీత కనిపించింది. పదో రోజు టేపు మొత్తం తీశాను. టేపు కింద సగం ఉసిరికాయ పచ్చ. ఎండ చూసిన సగం విభూతిలో నీలిమందు చుక్క కలిపినట్టు ఉంది. నేను డాబా మీదే కూర్చుండిపోయాను. నాకు గుర్తున్న రంగు అదే.

ఆ తరవాత కలపడం. ఆయన ముందు మిషనుని కాదనలేదు. "పోయి మళ్ళీ చదివించుకురా, ఎండ చూసిన సగం మీద. మొదలు దొరుకుతాది, తిరగడం తగ్గుతాది" అన్నారు. ఆ సూత్రం కాగితం పక్కన పెట్టుకుని, చిన్న తూకం మీద డబ్బా పెట్టి, తెలుపుతో మొదలుపెట్టారు. నలుపులు ఒకటే అనుకునేదాన్ని. ఆయన దగ్గర రెండు డబ్బాలు ఉన్నాయి. తెలుపులో కలిపితే ఒక నలుపు నీలం వైపు లాగుతుంది, ఇంకోటి గోధుమ వైపు. మా రంగుకి నీలం వైపు లాగే మసి నలుపు. కాస్త నీలం. ఇంకా పచ్చ వాసన కొడుతుంటే రెడ్ ఆక్సైడు, అదీ నాలుగు గ్రాములు, చుక్కచుక్కగా. పచ్చని తగ్గించాలంటే ఎరుపు కలపాలి. కూరలో ఉప్పెక్కితే ఏం వెయ్యాలో తెలిసిన చేతిలా ఆ చెయ్యి తడుముకోకుండా పోయింది.

వేలితో పూసి చూడడం, తడి మీద చూడడం ఆయన ఒప్పుకోరు. తడి రంగు వేరు, ఆరిన రంగు వేరు. బ్రష్షు పూత వేరు, స్ప్రే గన్నుతో కొట్టిన పూత వేరు. ప్రతిసారీ నలుపూ తెలుపూ చారలున్న అట్టముక్క మీద స్ప్రే కొట్టించి, చారలు పూర్తిగా మునిగేదాకా కొట్టించి, ఆరనిచ్చి అప్పుడు చూస్తారు. చార కనబడుతుంటే కింది రంగు పైకి వస్తోందని అర్థం, ఆ పోలిక చెల్లదు. చూసేది పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండు లోపల, కొట్టు బయట నీడలో, ఉత్తరం ఆకాశం వెలుగులో. సాయంత్రం వెళ్తే చూడరు. ఒకరోజు ఐదింటికి వెళ్తే, "ఈ వెలుగులో అంతా బంగారమేనమ్మా, రేపు రా" అని పంపేశారు. మొత్తం ఏడు అట్టలు అయ్యాయి. ఆరోది నాకు సరిపోయిందనిపించింది. ఆయనకి అనిపించలేదు. ఏడోది చూశాక ఆరోదాంట్లో తేడా నాకు కూడా కనబడింది.

అట్టని ఇంటికి తీసుకెళ్ళి బండి లోపల, డ్యాష్ మీద పెట్టి, సీట్లు ఉండగానే చూడమన్నారు. మా సీట్లు మెరూన్ రెక్సిన్. ఎరుపు పక్కన బూడిద రంగు పెడితే కొంచెం పచ్చగా కనిపిస్తుంది. అన్నయ్య చిన్నప్పటి నుంచి వెనక సీట్లో, ఆ ఎర్ర సీట్ల మీదుగానే డ్యాష్ చూసేవాడు. వాడి మాట కూడా ఊరికే పుట్టలేదని అప్పుడు అనిపించింది.

ఇప్పుడు ఆ అర మార్కు సంగతి. రంగు కుదిరింది గానీ మెరుపు కుదరలేదు. హార్డ్‌నరు కలిపే ఇప్పటి రంగు అద్దంలా మెరుస్తుంది. పాత డ్యాష్ అలా మెరవదు, పైగా అంత మెరుపు ముందు అద్దంలో ప్రతిబింబించి ఎండలో బండి నడపడానికి ఇబ్బంది. మెరుపు తగ్గించే మందు కలపాలి. కానీ అది కలిపితే అదే రంగు కంటికి తేలిగ్గా, తెల్లగా కనిపిస్తుంది. కాబట్టి రంగుని మళ్ళీ ఒక వాసి ముదర చెయ్యాలి. ఈ మాట మొదటిరోజే అడిగి ఉంటే నాకు రెండు తిరుగుళ్ళు మిగిలేవి. ఆయన అడగలేదు. మీరు వెళ్తే మీరే ముందు చెప్పండి: డ్యాష్‌కి, పూర్తి మెరుపు వద్దు, సగం చాలు అని. ఇంకా, బిల్లు ఇవ్వరు. అర లీటరుకి తక్కువ కలపరు. నేను మొదటిసారి అడిగింది నవంబరులో. వానలు పోయేదాకా చెయ్యనన్నారు. గాల్లో తేమ ఉంటే పూత మసకబారుతుందని ఆయన వాదన. అది సరైన వాదనే, కానీ మూడు నెలలు ఆగడం కష్టమైంది.

పోలిక చూడ్డానికి 1,000, అర లీటరు రంగుకి హార్డ్‌నరుతో కలిపి 1,400. ఏడు అట్టల పనికి ఇది ఎక్కువ కాదు.

స్ప్రే కొట్టింది వేరే చోట. అక్కడ చూసిన ఒక విషయం రాయకుండా ఉండలేను. కుర్రాడు ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని గన్ను పట్టాడు. ఈ హార్డ్‌నరులో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఉబ్బసం తెప్పిస్తాయి, ఒకసారి పడకుండా పోతే తరవాత కొంచెం తగిలినా ఊపిరాడదు. చేతిరుమాలు గానీ మామూలు దుమ్ము మాస్కు గానీ వాటిని ఆపలేవు. నేను పని ఆపించి, ఆవిరిని వడకట్టే క్యాట్రిడ్జిలున్న మాస్కు కొని తెచ్చి ఇచ్చాను. పాత పూత గీకేటప్పుడు కూడా పొడిగా రుద్దనివ్వలేదు, నీళ్ళతో వాటర్ పేపరు (తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టించాను. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండడం మామూలు. ఇళ్ళకి వేసే రంగుల్లోనే సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచి గానీ అమల్లోకి రాలేదు. అరవైల నాటి బండి దుమ్ము పిల్లలున్న ఇంటి వాకిట్లో ఎగరకూడదు. మీరు ఎక్కడ చేయించినా ఈ రెండూ దగ్గరుండి చూడండి. ఆ కుర్రాళ్ళు అడగరు, యజమానులు ఇవ్వరు.

పూత ఆరిన వారానికి, ఎండ చూసిన పట్టీని డ్యాష్ మీద పెట్టి చూశాను. పగలు, చెయ్యి చాచినంత దూరం నుంచి రెండూ ఒకటే. రాత్రి పాత పసుపు బల్బు వెలుగులో పట్టీ రంగు కాస్త పసుపు వైపు వెచ్చగా కనిపిస్తుంది. అది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. నాకు అభ్యంతరం లేదు. అమ్మ ముందు సీట్లో కూర్చుని డ్యాష్ మీద అరచెయ్యి ఆనించి, "మీ నాన్న కాళహస్తి విభూతి పొట్లం ఇక్కడే పెట్టేవారు" అంది. రంగు గురించి ఏమీ అనలేదు. అన్నయ్య వీడియోలో చూసి ఇంకా పచ్చే అంటున్నాడు. వేసవి సెలవులకి వస్తాడు, పొద్దున తొమ్మిదిన్నరకి చూపిస్తాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: ఆదివారం మూత. మిగతా రోజుల్లో తొమ్మిదికల్లా ఉంటారు. తెలుగులో మాట్లాడితే సంతోషిస్తారు. సూత్రం అడిగి రాయించుకోండి, ఆయనంతట ఆయన ఇవ్వరు. ఏ పదార్థం ఎన్ని గ్రాములో, ఏ కంపెనీ డబ్బాలోదో కూడా రాయించుకోండి. కంపెనీ మారితే రంగుపొడి బలం మారుతుంది, అవే గ్రాములు పోస్తే అదే రంగు రాదు. నా కాగితం, ఏడో అట్ట, సగం పచ్చ సగం నీలంగా ఉన్న ఆ పట్టీ, మూడూ ఒక కవరులో పెట్టి ఉంచాను. హార్డ్‌నరు కలపని రంగు పావు లీటరు దాకా మిగిలింది. మూత గట్టిగా బిగించి, నెలకొకసారి డబ్బా తలకిందులు చెయ్యమన్నారు.